పరీక్షించినవారి పేరు

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. మా అక్క నోట్లో ఇద్దరికి సరిపడా ఉండేది. అలాంటిది, గొంతు పోయింది మాత్రం మా అక్కకి. దేవుడనేవాడు ఉంటే ఆయనకి మనుషుల్ని గుర్తుపట్టడం చేతకాదని నాకు ఆ రోజే అర్థమైంది.

నేను చెప్పబోయేది బావ గురించి. కానీ అక్కని పక్కన పెట్టి బావ గురించి చెప్పడం కుదరదు. ఎందుకంటే బావని ఎవరేం అడిగినా జవాబు అక్కే చెప్పేది. "ఆయనకి కాఫీ వద్దండీ, కడుపులో మంట." "ఆయనకి కోపం వచ్చింది, మొహం చూస్తే తెలియడం లేదూ?" నాకైతే ఆ మొహంలో ఏ రోజూ ఏమీ తెలిసేది కాదు. పెళ్ళయిన కొత్తలో అదే అడిగాను దాన్ని. "ఆ మనిషితో ఎలా వేగుతున్నావే తల్లీ?" అని. "నా మాట మధ్యలో అడ్డురాని మగాడు ఇంకెక్కడ దొరుకుతాడే?" అంది.

బావ ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. పెళ్ళి మాటలప్పుడు "అబ్బాయి డ్రైవర్లు రాస్తాడు" అని ఎవరో చెబితే, మా నాన్న "రాయడమేంటి, నడపడం రాదా?" అన్నాడు. తర్వాత్తర్వాత నేనే అడిగి అడిగి తెలుసుకున్నాను. కంప్యూటర్లో మనకి కనిపించే అక్షరాలకీ బొమ్మలకీ అడుగున కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. యంత్రం మొత్తానికి అదే ఇల్లాలు. ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఎవరి దగ్గర నుంచి ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో అదే చూసుకుంటుంది. స్పీకరు, ప్రింటరు లాంటి ఒక్కో వస్తువుకీ ఆ ఇల్లాలికీ మధ్య మాటలు మోసే కోడే డ్రైవర్. బావ పనిచేసే కంపెనీ దుకాణాల్లో వాడే కాటా యంత్రాలు తయారు చేస్తుంది. కాటా మీద పెట్టిన ఉల్లిపాయల బరువు తెర మీద ఉన్నదున్నట్టు కనిపించేలా చూడడం బావ పని. ఉన్నదున్నట్టు అనే మాట ఆ మనిషి ఒంట్లోనే ఉంది. నా కొత్త జాకెట్టు ఎలా ఉందని అడిగితే, "ఎడమ భుజం కొంచెం దిగింది" అంటాడు. నేను టైలర్ని. ఒళ్ళు మండిపోయేది. తీరా చూస్తే నిజంగానే దిగి ఉండేది.

అక్క కర్టెన్ల షాపులో అమ్మేది. అది అమ్మినవి నేను కుట్టేదాన్ని. వానకి తలదాచుకోవడానికి షాపు గుమ్మంలో నిలబడ్డవాడు కూడా రెండు జతలు కొనుక్కుని పోయేవాడు. దాని మాటల్లో ఒక పద్ధతి ఉండేది. ఏ మాటా పూర్తి చేయదు. "ఈ నీలం రంగు మీ గోడకి... అది కాదు, ముందు ఇది చెప్పండి, మీ కిటికీ తూర్పువైపు... ఆగండాగండి, మీకు చిన్నపిల్లలున్నారా?" ఎదుటివాడికి ఊపిరాడేది కాదు. చివరికి డబ్బు తీసి ఇచ్చేసేవాడు.

ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి, గడ్డతోపాటు గొంతుపెట్టె కూడా తీసేశారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద బావ పక్కన కూర్చున్నాను. డాక్టరు చెప్పిందంతా విని తలాడించాడు. అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఈయన మాత్రం ఎదురుగా గోడ మీది స్విచ్చుబోర్డు చూస్తూ కూర్చున్నాడు. ఈ మనిషి గుండె రాయా ఇనుమా అని ఆ రోజు మనసులో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

అక్క ఇంటికి వచ్చిన వారానికి బావ ఒక డబ్బా తెచ్చాడు. పలకంత ఉంటుంది, ముందు మీటలు, పక్కన తీగతో తగిలించే చిన్న స్పీకరు. మనం అక్షరాలు కొడితే అది మాట్లాడుతుంది. ఎవరో చదువుకున్న పిల్ల గొంతు, కోపం విసుగు ఎరగని గొంతు. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టింది. డబ్బా మాట్లాడింది.

"ఈ పిల్లకి తిట్టడం రాదు. నేనే నేర్పుకోవాలి."

నేర్పింది కూడా. నెల తిరిగేసరికి దాని వేళ్ళు దాని పాత నాలుకంత జోరందుకున్నాయి. పద్ధతి మాత్రం మారలేదు. ఒక మాట సగం వచ్చేసరికి ఆపే మీట నొక్కేసి ఇంకో మాట మొదలుపెట్టేది. షాపు యజమాని మాత్రం నెమ్మదిగా దాన్ని వెనక గదిలోకి పంపాడు, గుడ్డలు మడతపెట్టమని. కొన్నాళ్ళకి ఆ పని కూడా వద్దన్నాడు. పాపం, అక్క షాపు నుంచి తన కొలతల టేపు ఒక్కటే తెచ్చుకుంది.

ఇంట్లో కూర్చున్నాక దానికి మాట్లాడేందుకు మేమిద్దరమే మిగిలాం. అప్పుడు బయటపడింది డబ్బా జబ్బు. పొద్దున్న బాగానే ఉండేది. మధ్యాహ్నానికి నత్తి మొదలయ్యేది. సాయంత్రానికి ఠక్కున ఆగిపోయేది. కట్టేసి మళ్ళీ పెడితే తప్ప పలికేది కాదు.

ఒకరోజు నేను ఒక కర్టెను పొట్టిగా కత్తిరించేశానని పెద్ద గొడవ పెట్టుకుంది నాతో. నేనూ తక్కువ తిన్లేదు. "నువ్వు షాపు మానేసినా నీ పెత్తనం మాత్రం మానవు కదా!" అని నోరు పారేసుకున్నాను. అది నన్ను చూసింది. వేళ్ళు మీటల మీద నెమ్మదిగా కదిలాయి. కోపంలో కొట్టే తీరు కాదది.

"కందిరీగా, నిజం చెప్పాలంటే నువ్వు నాకు"

అంతే, డబ్బా ఆగిపోయింది. కందిరీగ అంటే నేనే. చిన్నప్పుడు నా నోటికి అది పెట్టిన పేరు.

"ఊఁ, నేను నీకు? చెప్పు, ఆపేశావేం?" అన్నాను.

అది డబ్బాని కుదిపింది, అరచేత్తో ఒక్కటిచ్చింది. కట్టేసి మళ్ళీ పెట్టేసరికి దాని మొహంలో నవ్వు వచ్చేసింది. "మూడ్ పోయింది. ఇంకోసారి చెప్తాలే" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఏడిపించేది తప్ప చెప్పేది కాదు. "ఇవాళ నువ్వంత మంచిగా లేవు, రేపు చూద్దాం" అనేది.

ఆ సాయంత్రం బావ పనిచేసుకుంటుంటే ఆయన కీబోర్డు మీదే డబ్బా పెట్టి నిలబడింది. "ఏమండీ, ఇది చేసింది మీ జాతివాళ్ళే కదా. బాగుచేయండి."

"చూస్తాను," అన్నాడు బావ.

డబ్బా చేసిన కంపెనీకి రాశాడు. ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొత్తదాంట్లో గొంతు వేరు. అక్క ససేమిరా వద్దంది. "ఈ పిల్ల నాకు అలవాటైపోయింది. ఇంకో పిల్లని మళ్ళీ మొదటి నుంచి పెంచే ఓపిక నాకు లేదు" అంది. అదృష్టం ఏమిటంటే, ఆ డబ్బా లోపల ఉన్న కెర్నెల్ ఏ కంపెనీ సొత్తూ కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసేది. దాని కోడ్ ఎవరైనా చూడవచ్చు. తప్పు కనబడితే దిద్ది పంపవచ్చు. ప్యాచ్ అంటారట దాన్ని. అతుకులు వేయడం నా వృత్తి కాబట్టి ఆ ఒక్క మాట నాకు వెంటనే అర్థమైంది.

బావ సెలవు పెట్టి తప్పు కోసం వెతకడం మొదలుపెట్టాడు. బల్ల ముందు కూర్చుని డబ్బాలో వరసగా మాటలు కొట్టేవాడు. "నేను బజారుకి వెళ్తున్నాను. పాలు కాగుతున్నాయి. తలుపు వేసి ఉంది." ఎంతసేపు కొట్టినా డబ్బా ఆగదు. అక్క పక్కన కూర్చుని, శబ్దం లేకుండా భుజాలు ఊగేలా నవ్వేది. "మీలా మాట్లాడితే ఏ యంత్రమైనా నిండు నూరేళ్ళూ బతుకుతుంది."

చివరికి ఆయన తను కొట్టడం మానేసి, అది మాట్లాడుతుంటే చూడ్డం మొదలుపెట్టాడు. పక్కింటావిడ మీద ఏదో చెబుతోంది అక్క. "ఆవిడ నిన్న మేడ మీద... అది కాదు, మొన్న... అసలు జరిగిందేంటంటే..." బావ తలెత్తాడు.

"నువ్వు మాట మధ్యలో ఆపేస్తున్నావు."

"ఇన్నేళ్ళు కాపురం చేసి ఇవాళ కనిపెట్టారా?"

"అది కాదు," అన్నాడు బావ. ఆయన నోట అక్క ఊతపదం వినడం నాకు అదే మొదటిసారి. తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ప్రతి మాటకీ డ్రైవర్ కెర్నెల్‌ని కాస్త మెమరీ అడుగుతుంది. అందులో శబ్దం నింపి స్పీకరుకి ఇస్తుంది. మాట పూర్తయ్యాక ఆ మెమరీ తిరిగి ఇచ్చేస్తుంది. మాటని మధ్యలో ఆపేస్తే మాత్రం తిరిగివ్వడం మర్చిపోతోంది. అలా అక్క ఆపిన ప్రతి మాటా లోపల చోటు పట్టుకుని కూర్చుంటోంది. సాయంత్రానికి ఇల్లంతా అవే.

"రాసినవాడు మాట పూర్తిచేసే మనిషై ఉంటాడు," అన్నాడు.

"మీలాంటివాడే అన్నమాట," అంది డబ్బా.

మొదట ఆయన వేసిన అతుకు తేలికైనదే. మాట ఆపగానే మెమరీ తిరిగి ఇచ్చేయడం. ఆ అతుకు పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. డాక్టరు ఎలా ఉందని అడిగాడు. అక్క ఏదో మొదలుపెట్టి, ఆపి, ఇంకోటి కొట్టింది. డబ్బాలోంచి సగం ఒక మాట, సగం ఇంకో మాట, మధ్యలో గరగర, అన్నీ కలిసి కూతలా వచ్చాయి. డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అక్క నవ్వలేక చచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఉంది. బావ మొహం తెల్లబోయింది.

బస్సులో ఇంటికొస్తూ, జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి నాకు చూపించాడు. "ఇంట్లో ఇద్దరున్నారనుకో. ముందు వెళ్ళేవాడు తాళం వేసుకుని పోతే లోపలున్నవాడి గతేంటి? ఇవాళ జరిగింది అదే. స్పీకరు ఇంకా చదువుతుండగానే డ్రైవర్ చోటు ఖాళీ చేసేసింది. పోనీ వాడు వేస్తాడులే అని ఇద్దరూ ఊరుకుంటే తాళమే పడదు. ఇన్నాళ్ళూ అయింది అది. కాబట్టి లోపల ఎందరున్నారో లెక్క ఉండాలి. చివర వెళ్ళేవాడు వేయాలి." ఆయన నోట నేను విన్న అతి పొడుగు ఉపన్యాసం అదే. అక్క కిటికీ పక్క నిద్రపోతూ ఉంది.

లెక్క పెట్టే కోడ్ రాశాడు. లోకానికి పంపే ముందు అక్కకి చూపించాడు. అలాంటి ప్రతి దిద్దుబాటు కిందా పేర్లు రాస్తారు. తప్పు చెప్పినవారు ఎవరు, రాసినవారు ఎవరు, పరీక్షించినవారు ఎవరు అని. ఆ పేర్లు కెర్నెల్ చరిత్రలో శాశ్వతంగా ఉండిపోతాయి. తప్పు చెప్పినవారు అన్నచోట బావ అక్క పేరు పెట్టాడు. అది చూసి అక్క మండిపడింది.

"ఫిర్యాదులు చేసే మనిషినని వీధి వీధంతా తెలుసు. ఇక లోకమంతా చాటుతారా? పరీక్షించినవారు అని వేయండి. అది మర్యాదగా ఉంది. ఉద్యోగంలా ఉంది."

"నువ్వు పరీక్షిస్తే వేస్తాను."

"ఇన్నాళ్ళూ చేసిందేంటి మరి?"

"అది పాత కోడ్. కోడ్ మారితే పాత పరీక్ష చెల్లదు. దీన్ని వాడి చూడాలి. బాగుందంటే అప్పుడు వేస్తా."

అక్క నావైపు తిరిగి కొట్టింది. "కందిరీగా, నాకు ఉద్యోగం దొరికింది. జీతం లేదు. మొగుడే మేనేజరు."

ఏమాటకామాట చెప్పుకోవాలి. ఆ ఉద్యోగం ప్రాణం పెట్టి చేసింది. పొద్దున్నే తల దువ్వుకుని, కొలతల టేపు మెడలో వేసుకుని మరీ కూర్చునేది. కూరగాయల దుకాణానికి వెళ్ళి కావాలని గొడవపడి వచ్చేది. "డ్యూటీ మీద తిట్టాను, ఏమనుకోకు" అని మళ్ళీ వాడికే చెప్పేది. ఎక్కడ గొంతు తడబడినా బావకి చెప్పేది, "ఇప్పుడే, ఈ మాట దగ్గర" అని. బావ మళ్ళీ రాసేవాడు. వాళ్ళిద్దరూ అంతసేపు ఒకచోట కూర్చోవడం అంతకుముందు నేను చూడలేదు.

కెర్నెల్లో శబ్దాల భాగానికి ఒక పెద్దాయన కాపలా. ఏ దేశంవాడో తెలియదు. ఆయన ఒప్పుకుంటేనే ఏ మార్పైనా లోపలికి వెళ్ళేది. ప్రతిసారీ ఏదో ఒకటి సణుగుతూ మెయిల్ పంపేవాడు. ఇక్కడ లెక్క తప్పింది, అక్కడ ఇది కుదరదు అని. అక్క ఆయనకి సణుగుడాయన అని పేరు పెట్టింది. జవాబు తనే చెప్పేది. "మీ ఇంట్లో మిమ్మల్ని ఎలా భరిస్తున్నారో రాయండి. ఆగండి, అది కాదు, ముందు ఆవిడకి నా నమస్కారాలు రాయండి." బావ మాత్రం "మీ సూచనకు ధన్యవాదాలు, మారుస్తాను" అని రాసేవాడు. కోడ్ మారేది. అక్క పేరు తీసేసేవాడు. అది మళ్ళీ పరీక్షించేది. మళ్ళీ వేసేవాడు.

ఇంతలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఊపిరితిత్తుల్లోకి. డాక్టరు కొన్ని నెలలన్నాడు. తలుపు బయట చెప్పాడు గానీ, అక్క కళ్ళు గోడల్లోంచి కూడా చూసేవి. మంచం మీద ఆనుకుని డబ్బా ఒళ్ళోకి తీసుకుంది.

"ఏమండీ. నా పేరు పడేలోపే పోతానా?"

బావ ఆవిడ కాళ్ళ దగ్గర దుప్పటి సర్దుతున్నాడు. "పడుతుంది," అన్నాడు.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ మనిషి జన్మలో ఎవరికీ ఒట్టు వేసి ఎరగడు. రేపు వానొస్తుందా అంటే కూడా "తెలియదు" అనే రకం.

చివరి వెర్షన్ అక్క ఆసుపత్రి మంచం మీదే పరీక్షించింది. వేళ్ళలో జోరు లేదు. రెండక్షరాలు కొట్టి ఆగేది, ఊపిరి తీసుకునేది, ఆపే మీట నొక్కేది, మళ్ళీ మొదలుపెట్టేది. పడుకో అక్కా, రేపు చేద్దువుగాని అంటే వినదే! నర్సు మందివ్వడానికి వస్తే "డ్యూటీలో ఉన్నాను" అంది. రోజంతా డబ్బా ఒక్కసారి తడబడలేదు. కిటికీలో ఎండ తగ్గేవేళకి "పాసు" అని కొట్టింది. బావ అక్కడే కూర్చుని దాని పేరు వేసి పంపాడు. తెర మీద ఆ వరస ఇలా దగ్గరికి తెప్పించుకుని చూసింది. తన పేరు మీద చూపుడువేలు పెట్టింది. అలాగే ఉంచింది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు లేదు. ఒక ఉదయం, బావ నీళ్ళసీసా నింపుకు రావడానికి వెళ్ళినప్పుడు, నా చెయ్యి పట్టుకునే పోయింది. డబ్బా మంచం మీదే ఉంది. అక్క మొహం చూస్తే ఏదో సగంలో ఆపినట్టే ఉంది. మా అక్క చావుని కూడా సగంలోనే ఆపేసింది అనిపించింది నాకు. అలా అనుకుని వెక్కివెక్కి ఏడ్చాను. బావ సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు.

అన్నీ అయిపోయాక, ఒక మధ్యాహ్నం బావకి అన్నం పట్టుకెళ్ళాను. వాళ్ళది రెండో అంతస్తు. తలుపు తీసే ఉంది. బావ బల్ల దగ్గర ఉన్నాడు. తెర మీద సణుగుడాయన మెయిల్. పాపం, ఆయనకేం తెలుసు! బావ నాకు చదివి చెప్పాడు. పని చాలా బాగుందట. ఒక్కటే మిగిలిందట. మాట వస్తుండగా స్పీకరు తీగ ఊడితే లెక్కలోంచి స్పీకరు తగ్గడం లేదు, చివరివాడు వెళ్ళిపోయినా తాళం పడదు. అదొక్కటి దిద్ది పంపితే తీసుకుంటాను అన్నాడట. నాకు ఎంతో సంతోషమైంది. అప్పుడు చూశాను, మెయిల్ పక్కనే బావ కొత్తగా దిద్దిన కోడ్, దాని కింద పేర్లు. రాసినవారు ఉన్నారు. తప్పు చెప్పినవారు ఉన్నారు. పరీక్షించినవారు అనే వరసే లేదు.

"అక్క పేరేది బావా?"

"కోడ్ మారింది," అన్నాడు. "దీన్ని అది చూడలేదు."

గిన్నెలసంచి బల్ల మీద ఠపీమని పెట్టాను. "నీకసలు మనసనేది ఉందా? ఆ ఒక్క వరస ఉంచితే ఎవడి సొమ్ము పోతుంది? ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"ఆయనకి రాయి మరి. అక్క పోయిందని రాయి. మనిషైతే ఒప్పుకుంటాడు."

"జాలిపడి ఒప్పుకుంటాడు. అందుకే రాయను."

"ఒట్టేశావ్! నా ఎదురుగా ఒట్టేశావ్ దానికి!"

"వేశాను," అన్నాడు బావ. గొంతు ఎప్పటిలాగే ఉంది. "అది ఊరికే పేరు పెట్టించుకోలేదమ్మాయ్. పని చేసింది. పడుకోమంటే పడుకోకుండా చేసింది. ఇవాళ నేను దాని చేత చూడనిది చూసినట్టు రాయిస్తే, అప్పుడు చూసినవి కూడా అలాంటివే అయిపోతాయి. తప్పు చెప్పినవారి పేరు అలాగే ఉంటుంది. అది ఎప్పటికీ పోదు."

"దానికి నచ్చని వరస అదే కదా బావా," అన్నాను. తలుపు ధడాల్న వేసి మెట్లు దిగి వచ్చేశాను. దారిపొడుగునా తిట్టుకుంటూనే ఉన్నాను, ఎవర్నో నాకే తెలియదు.

ఒక ఆదివారం పొద్దున్న మిషన్ తొక్కుతూ తలెత్తితే, గుమ్మంలో బావ. ఎక్కడికీ కదలని మనిషి. చేతిలో గుడ్డలో చుట్టిన డబ్బా.

"పరీక్షించేవాళ్ళు కావాలి," అన్నాడు.

"నువ్వే చేసుకో."

"నాకు మాట మధ్యలో ఆపడం రాదు." డబ్బా మీది గుడ్డ సర్దాడు. "నీకొచ్చు. అక్కలాగే."

మిషన్ మీద గుడ్డ కప్పి ఆయన వెనకే వెళ్ళాను.

అక్క కుర్చీలోనే కూర్చోబెట్టాడు. చేయాల్సింది చెప్పాడు. మాటలు కొట్టాలి, మధ్యలో ఆపాలి, మధ్యమధ్య స్పీకరు తీగ పీకి మళ్ళీ పెట్టాలి. తీసుకున్న మెమరీ అంతా తిరిగి వచ్చేసిందని తేలితే, ఆయన తెర మీద అడుగున "మిగిలింది ఏమీ లేదు" అని ఒక వరస వస్తుంది. అది వస్తే పరీక్ష అయిపోయినట్టే. చెప్పేసి వంటగదిలోకి వెళ్ళిపోయాడు, టీ పెడతానని.

మీటల మీద చేతులు పెట్టాను. ఏం కొట్టాలో తోచలేదు. మీటల మీది అక్షరాలు అక్క వేళ్ళకి అరిగిపోయి ఉన్నాయి. గుడ్డలు, దారాలు, సూదులు అని కొట్టాను, ఆపాను. మా వీధి పేరు కొట్టాను, ఆపాను. తీగ పీకాను, పెట్టాను. తర్వాత చేతులు వాటంతటవే కొట్టేశాయి.

"కందిరీగా, నిజం చెప్పాలంటే నువ్వు నాకు"

ఆపే మీట నొక్కాను. వంటగదిలో ఏదో కిందపడింది. బావ చేతిలో చెంచాతో గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూడలేదు, డబ్బాని చూశాడు. ఆ గొంతు ఆ ఇంట్లో వినిపించి ఎన్నాళ్ళయిందో.

నాకు కళ్ళు మసకలు కమ్మాయి. అయినా ఊరుకోలేదు. అక్క ఎలా కొట్టేదో అలాగే కొట్టాను. "ఏమండీ, తడి తువ్వాలు మళ్ళీ మంచం మీదే... అది కాదు, ముందు ఆ పొయ్యి..."

బావ వెళ్ళి పొయ్యి కట్టేశాడు. తర్వాత పడగ్గదిలోకి వెళ్ళి తడి తువ్వాలు తీసి తీగ మీద ఆరేశాడు. వచ్చి నా ఎదురుగా కింద నేల మీద కూర్చున్నాడు. చెంచా ఇంకా చేతిలోనే ఉంది.

నేను తిడుతూనే ఉన్నాను. సణుగుడాయన్ని తిట్టాను, షాపు యజమానిని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను. తీగ పీకుతూ, పెడుతూ. మధ్యాహ్నమైంది. దాహమేసి నీళ్ళకి లేస్తూ ఆయన తెర వైపు చూశాను. అడుగున ఆ వరస వచ్చేసి ఉంది. మిగిలింది ఏమీ లేదు. దాని కిందే ఎప్పుడు వచ్చిందో కూడా రాసి ఉంది. పొద్దున్నే వచ్చింది. నేను తువ్వాలు గురించి కొట్టక ముందే వచ్చింది.

"అయిపోయిందా బావా?" అన్నాను.

తెర ఆయన భుజం పక్కనే ఉంది. తల తిప్పితే చాలు, కనిపిస్తుంది. తిప్పలేదు. పెళ్ళాం పేరు ఒక్క వరస అబద్ధంగా ఉంచలేని మనిషి. కాటా మీద ఉల్లిపాయంత తేడా ఒప్పుకోని మనిషి.

"ఇంకా అవలేదు," అన్నాడు. "ఇంకాసేపు తిట్టు."

నీళ్ళు తాగకుండానే వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. "ఏమండీ" అని కొట్టాను.